గీకేసిన నంబర్లు

శాన్ టెలెస్ఫోరో చక్కెర మిల్లులో నన్నందరూ మాస్టారనే పిలుస్తారు. ఏప్రిల్ రెండో వారంలో, కోతలు ముమ్మరంగా సాగుతుండగా, చెరకును గానుగలోకి మోసుకెళ్ళే కన్వేయరు ఆగిపోయింది. మోటారు లక్షణంగా ఉంది. దాన్ని నడిపించే డ్రైవు అనే కరెంటు పెట్టెలో కంట్రోలు బోర్డు పోయింది. ఊళ్ళో రిపేరు షాపు నడిపే నాకు కబురు పెట్టారు. నేను వెళ్ళేసరికి చెరకు లారీలు గేటు నుంచి చర్చి దాకా బారు తీరి ఉన్నాయి. మెక్సికోలో మా వెరాక్రూజ్ రాష్ట్రపు ఎండకి కోసిన చెరకు మూడో రోజుకల్లా పులిసిపోతుంది. ఆ లారీల్లో ఉన్నది చిన్న రైతుల ఏడాది కష్టం.

"మీ ముసలి ప్రియురాలు మళ్ళీ అలిగిందట కదా మాస్టారూ! తొందరగా బతిమాలుకోండి, ఇక్కడ మా వీపులు మాడిపోతున్నాయి," అన్నాడొక లారీ డ్రైవరు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ గర్వంగానే నవ్వాను.

ఇంజనీరు బ్రిసేయిదా నిరుడే ఉద్యోగంలో చేరింది. అప్పటికే ఫోన్లు చేసి చేసి గొంతు పోగొట్టుకుంది. ఆ బోర్డు తయారీ ఆపేసి పన్నెండేళ్ళయిందట. కొత్త డ్రైవు రావాలంటే నాలుగు నెలలు. మోంటెరే నగరంలో పాత సామాను అమ్మేవాడొకడు వాడేసిన బోర్డు మూడు వారాల్లో పంపుతానన్నాడు గానీ పనిచేస్తుందో లేదో తన పూచీ లేదన్నాడు.

ఆమె బోర్డును నా ముందు పెట్టింది. పదకొండు నల్లటి చిప్పులు. ఒక్కదాని మీదా నంబరు లేదు. ఒక చిప్పు చచ్చిపోయిందని పావుగంటలో తేల్చాను. కానీ అదే రకం మరొకటి కొనాలంటే నంబరు కావాలి.

"నంబర్లన్నీ ఎవడు గీకేశాడు మాస్టారూ? వాడి చేతులు పడిపోను!"

"కంపెనీవాళ్ళే అలా పంపేవారమ్మా, ఎవరూ కాపీ కొట్టకుండా," అన్నాను. పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్న అబద్ధం కాబట్టి తడుముకోకుండా వచ్చేసింది.

గీకింది నేనే. ఈ బోర్డు మొదటిసారి పాడై నా షాపుకి వచ్చినప్పుడు, బాగుచేశాక ఉప్పు కాగితం పెట్టి పదకొండింటినీ నున్నగా అరగదీశాను. మా వృత్తిలో చాలామంది చేసే పనే. నంబరు కనిపిస్తే మిల్లువాళ్ళే చిప్పు కొనుక్కుంటారు, ఇక మనల్నెవరు పిలుస్తారు? అక్కడితో ఆగానా? నా షాపులో దాచుకున్న ఐదు చిప్పుల్ని కూడా గీకేశాను, నా డబ్బాలో ఎవడైనా చెయ్యి పెట్టి చూస్తాడేమోనని. నంబరు నాకెలాగూ గుర్తుంటుంది కదా అనుకున్నాను. ఐదోది నాలుగేళ్ళ కిందట వాడేశాను. ఇప్పుడు చూస్తే చివరి రెండు అంకెలు గుర్తు రావడం లేదు. ఇంతకన్నా తెలివితక్కువ వెధవ ఈ రాష్ట్రంలో ఉంటాడా?

అయినా నోరు విప్పలేదు. నా అంచనా మీద రేవు పట్నం నుంచి రెండు రకాల చిప్పులు తెప్పించాను. మొదటిది పెడితే కన్వేయరు కదల్లేదు. రెండోది పెట్టగానే సన్నగా పొగ లేచి ఫ్యూజు పోయింది. అప్పటికి రెండో రోజు మధ్యాహ్నమైంది. కిటికీలోంచి పులుపు వాసన రావడం మొదలైంది. బ్రిసేయిదా నా వైపు ఇంకా నమ్మకంగానే చూస్తోంది. ఆ చూపుకి నా తల భూమిలోకి పోయింది.

అప్పుడొచ్చాడు నికాండ్రో, గేటు దగ్గర లారీలు తూకం వేసే మనిషి.

"తూకాలవాడికి ఇక్కడేం పనని అనుకోకమ్మా," అంటూ మడతలు పడ్డ పెద్ద కాగితం ఒకటి ఆమెకిచ్చాడు. "ఆ బోర్డు బొమ్మ ఇది. ఏ చిప్పు ఏ నంబరో రాసి ఉంది."

నికాండ్రో, నేను ఒకే సాంకేతిక పాఠశాలలో ఒకే బెంచీ మీద చదువుకున్నాం. అప్పట్లో ఈ మిల్లు ఎలక్ట్రీషియను అతనే. బోర్డు రెండోసారి పాడైనప్పుడు, నంబర్లెవరో గీకేశారని అప్పటి చీఫుతో చెప్పాడు. చీఫు నన్ను పిలిచి అడిగాడు. "కంపెనీ నుంచే అలా వస్తాయి సార్. అతనికి పని రాక సాకులు చెబుతున్నాడు. ముట్టుకోనిస్తే కాల్చేస్తాడు," అన్నాను. పక్కనే నిలబడి విన్నాడు నికాండ్రో. కోతలు ముగిశాక చిప్పుల ఒక్కో కాలూ ఎక్కడికి పోతోందో కొలిచి, దాన్నిబట్టి నంబర్లు పోల్చుకుంటూ రెండు నెలలు కూర్చుని ఈ బొమ్మ గీశాడట. అది పూర్తయ్యేలోపే, నా మాట నమ్మి, అతన్ని తూకం గదికి మార్చేశారు. ఆ కాగితాన్ని ఎవరూ విప్పి కూడా చూడలేదు.

బ్రిసేయిదా ఫోనులో మేనేజరు సాల్దివార్‌కి చెప్పింది. స్పీకరులోంచి అతని గొంతు అందరికీ వినపడింది.

"తూకాలతను గీసిన బొమ్మ నమ్మి పెడతారా? ఈసారి పొగ లేచిందంటే బోర్డు చచ్చినట్టే. సీజను అక్కడితో సరి. వద్దు, లారీల్ని వెనక్కి పంపండి. ఆగండి, మాస్టారు ఎవెన్సియో ఏమంటున్నాడు?"

గదిలో అందరూ నా వైపు తిరిగారు. కాగితం నా చేతిలోనే ఉంది. చచ్చిన చిప్పు పక్కన నికాండ్రో గుండ్రటి అక్షరాల్లో రాసిన నంబరు చూడగానే నాకు గుర్తొచ్చేసింది. ఆ చివరి రెండంకెలు అవే.

"సరైనదే సార్. పెట్టచ్చు," అన్నాను.

"నీకెలా తెలుసు? కంపెనీ నుంచే నంబర్లు లేకుండా వస్తాయని కదా నువ్వు అందరికీ చెప్పింది?"

నికాండ్రో నేల చూపులు చూస్తున్నాడు. నా గుట్టు బయటపెట్టకుండా నన్ను కాపాడుతున్నాడని అర్థమై నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"నేనే గీకాను సార్. గీకే ముందు చూశాను. ఇదే నంబరు. ఆ రోజు పాత చీఫుతో నికాండ్రో చెప్పింది నిజం, నేను చెప్పింది అబద్ధం."

"పెట్టండి," అని మాత్రం అన్నాడు సాల్దివార్.

ఆ సాయంత్రం బస్సులో చిప్పు వచ్చింది. టంకం వేసి అతికించాను. కన్వేయరు కదిలింది. బయట లారీల వాళ్ళు హారన్లు మోగించారు, "మాస్టారికి జై!" అని కూడా ఎవరో అరిచారు. ఆ అరుపు వినలేక తలుపు మూసేశాను.

"నికాండ్రో, రేపట్నుంచి నువ్వు వర్క్‌షాపుకి వచ్చెయ్. నేను మేనేజరు కాళ్ళు పట్టుకునైనా..."

"ఇప్పుడెందుకురా?" అన్నాడు నెమ్మదిగా. కోపంగా అన్నా బాగుండేది. "నా చూపు పోయింది. తూకం అంకెలు జానెడేసి ఉంటాయి కాబట్టి నెట్టుకొస్తున్నా. చిప్పు కాళ్ళు నాకిప్పుడు ఆనవు. అప్పుడైతే ఆనేవి."

బ్రిసేయిదా నాతో మాట్లాడకుండా, తెల్ల రంగు సీసా, సన్నటి కుంచె తెచ్చి నా ముందు పెట్టింది.

"అన్నింటి మీదా నంబర్లు రాయండి," అంది. ఈసారి మాస్టారూ అనలేదు.

కాగితం కోసం చెయ్యి చాపాను.

"కాగితం ఎందుకు, నే చెప్తా రాసుకో," అన్నాడు నికాండ్రో. కళ్ళు మూసుకుని ఎడమ పక్క మొదటి చిప్పుతో మొదలుపెట్టి, పదకొండు నంబర్లూ ఒక్క అంకె తప్పకుండా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు రంగు అలికిపోయింది. అలికిన ప్రతిసారీ, నేను తుడిచి మళ్ళీ రాసేదాకా అతను ఓపిగ్గా ఆగాడు.