ఎఫ్-త్రీ మీట

కీలుంగ్ రేవుపట్నంలో వాన తెరిపివ్వని మధ్యాహ్నం అది. చనిపోయినవాళ్ల సంస్మరణ సభల్లో వేసే వీడియోలు కూర్చడం రూయిన్ పని. ఆమె మౌస్ దాదాపు ముట్టుకోదు. కీబోర్డు పైవరసలోని ఎఫ్ మీటలకు ఒక్కో పని అప్పగించుకుంది. ఎఫ్-ఫైవ్ నొక్కితే దృశ్యం తెగుతుంది. ఎఫ్-ఎయిట్ నొక్కితే మాటల్లేని చోటు ఎగిరిపోయి, అటూ ఇటూ ఉన్న ముక్కలు దగ్గరికి జరిగి అతుక్కుంటాయి.

పక్కన జువో కూర్చున్నాడు. ఓడరేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. పోయినవారమే భార్య మీలాన్ పోయింది. ఖాళీ దొరికాక కొనుక్కున్న చిన్న కెమెరాతో అతను తీసిందంతా ఆమెనే.

తెర మీద మీలాన్ ముల్లంగి తురుముతూ, "ఆ డబ్బా పక్కన పడేసి కాస్త చెయ్యి సాయం చెయ్యవయ్యా" అంది. జువో నవ్వాడు. రూయిన్ వేలు ఎఫ్-ఎయిట్ మీద టకటకలాడింది. అతని నవ్వు ఆగిపోయింది.

"ఇందాక కిటికీ దగ్గర నిలబడింది కదమ్మా, ఎటు పోయింది?"

"అక్కడేం మాట్లాడలేదు కదా పెదనాన్నా, తీసేశాను. అందరూ అలాగే చెయ్యమంటారు."

"మాట్లాడకపోతే మనిషి లేనట్టా?"

రూయిన్ కీబోర్డు అతని ముందుకు జరిపింది. "ఎఫ్-త్రీ నొక్కండి. నేను తీసేసింది మళ్లీ వస్తుంది."

బరువు దించుతున్నంత జాగ్రత్తగా నొక్కాడు. ముక్కల మధ్య సందు మెల్లగా విచ్చుకుంది. మీలాన్ కిటికీ దగ్గరికి వచ్చేసింది. మళ్లీ నొక్కాడు. బల్ల తుడుస్తోంది. మళ్లీ నొక్కాడు. టీ చల్లారిపోతున్నా పట్టనట్టు ఓడల వైపు చూస్తోంది. తెర మీది వానా బయటి వానా కలిసిపోయాయి. ఏ చప్పుడు ఎక్కడిదో తెలియలేదు. గదిలో ఇంకెవరో కూర్చున్నట్టనిపించి, రూయిన్ తనకు తెలియకుండానే కుర్చీ కాస్త పక్కకు జరుపుకుంది.

"ఈ మాట్లాడనివే వెయ్యమ్మా."

"సౌండు పోయిందనుకుంటారు పెదనాన్నా!"

"అనుకోనీ. ఇన్నేళ్లూ నా మీద అరిచి అరిచి అలిసిపోయింది. కాసేపు ఊరికే ఉండనీ."

సభలో రూయిన్ దీపాలార్పి వీడియో వేసింది. ఆమె అన్నట్టే అయింది. మేనల్లుడొకడు లేచి స్పీకరు వైర్లు కదిలించాడు.

"కూర్చోరా!" అని మీలాన్ చెల్లెలు షూచిన్ కసిరింది. "నేను వాగుతుంటే అక్క ఇట్లాగే వినీ విననట్టు చూసేది."

తర్వాత తెర వైపు తిరిగి, తన కొత్త కోడలు చేసే పులుసు గురించి అక్కకు చెప్పడం మొదలుపెట్టింది. ఎవరూ ఆపలేదు. జువో వెళ్లి ఆమె పక్కన కూర్చుని తనూ విన్నాడు.

వీడియో అయిపోయింది. షూచిన్ ఇంకా చెబుతూనే ఉంది. రూయిన్ దీపాలు వెయ్యలేదు.