బొడ్డులో గండుచీమ

ఎర్మిలా పొద్దున్నే రేవు మెట్ల మీద కూర్చుని చేపలకు పొలుసు తీస్తుంది. అట్రాటో నదిలో పోయే పడవలవాళ్ళు పలకరిస్తారు. ఆమె తల ఎత్తకుండానే బదులు చెబుతుంది. ఎదురొడ్డున బెలిసారియో ఇంటివైపు మాత్రం ఆరేళ్ళుగా చూడలేదు.

ఆ ఊళ్ళో బిడ్డకు బొడ్డు ఊడగానే, ఆ పచ్చిచోట మంత్రసాని ఏదో ఒక పొడి అద్దుతుంది. దేని పొడి అద్దితే దాని గుణం వస్తుంది. నీటికుక్క వెంట్రుకలు అద్దిన పిల్లలకు ఈత నేర్పక్కర్లేదు. ఎర్మిలా కొడుకు యెయిసన్ పట్నం ఆసుపత్రిలో పుట్టాడు. అక్కడివాళ్ళు బొడ్డుతాడు రక్తం దాచుకుంటామంటే ఇచ్చేసింది. ఇంటికొచ్చాక మంత్రసాని ఫెలిసిందా బంగారు రజను తీసింది.

"అది వద్దు పిన్నీ. గండుచీమను వేయించి అద్దు."

"పసిగుడ్డుకా! కుట్టే గుణం వస్తుందే."

"రావాలి. వాళ్ళ నాన్న ఎలా పోయాడో మరిచిపోకూడదు."

పాము కరిచిన మొగుడితో, ఏడో నెల కడుపుతో ఆమె బెలిసారియో రేవుకు వెళ్ళింది. మోటారు పడవకు కొత్త రంగు ఇంకా ఆరలేదని అతను గొలుసు విప్పలేదు. తెడ్డు పడవ పట్నం చేరేసరికి మొగుడి ఒళ్ళు చల్లబడింది.

చీమ పొడి పట్నంలో మంచుపెట్టెలో దాచిన రక్తానికీ తగిలింది. తగలదా మరి, రెండూ ఒకే బొడ్డువి.

ఆరేళ్ళ తర్వాత బెలిసారియో మనవరాలు యిర్లేసాకు రక్త కేన్సరొచ్చింది. ఒకరోజు ఎర్మిలాకు పట్నం నర్సు ఫోన్ చేసింది.

"మీరిచ్చిన బొడ్డు రక్తం ఒక పాపకు సరిపోయిందమ్మా. ఆరు గుర్తుల్లో ఐదు కలిశాయి. ఇంత దగ్గరిది ఇంకెక్కడా దొరకలేదు. ఇది ఎక్కించకపోతే పిల్ల దక్కదు. మీ అబ్బాయికి రక్తం జబ్బులేమైనా వచ్చాయా? వస్తే ఆ సంచి పారేస్తాం."

"పాప ఎవరు?"

"పేరు చెప్పకూడదమ్మా. ఏడేళ్ళది, మీ నది పిల్లే."

చెప్పకూడనిదంతా చెప్పేసింది. పై మెట్టు మీద ఫెలిసిందా చెవి ఒగ్గి వింటోంది. "జబ్బు వచ్చిందను," గుసగుసలాడింది. "ఒక్క మాట చాలు. ఆ ముసలాడికీ తెలిసొస్తుంది."

ఎర్మిలా కత్తి కడిగి పక్కన పెట్టింది.

"మావాడు గుండ్రాయిలా ఉన్నాడు. ఎక్కించండి."

"వెర్రిదానా!"

"చచ్చిన పిల్ల ఏం అడుగుతుంది పిన్నీ?"

ఎనిమిది నెలలకు యిర్లేసా బుగ్గలు నింపుకుని తిరిగొచ్చింది. రేవులో డప్పులు మోగించారు. బెలిసారియో ఏడుస్తూ చేతులు చాచాడు.

"తాతా," అంది పిల్ల, "మా నాన్న చచ్చిపోతుంటే పడవెందుకివ్వలేదు?"

డప్పులు ఆగాయి. పిల్లను కన్న తండ్రి పక్కనే సంచులు మోస్తూ నిలబడ్డాడు. "ఏ నాన్న?" అని ఎవరూ అడగలేదు.

మర్నాడు కాఫీ ముందు అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. కోపం లేదు, అలకా లేదు. అడిగేసి, వేయించిన అరటికాయ ముక్కలు తిని ఆటకు పోతుంది. పిల్లను విడిచి ఉండటం తాతకు చేతకాదు. ఏడాది తిరిగేసరికి ముసలాడికి నిద్రా లేదు, తిండీ లేదు.

ఒక ఆదివారం చర్చి దగ్గర తాతామనవరాళ్ళు ఎదురయ్యారు. ఎర్మిలా ఆగి, పిల్ల తల నిమిరింది.

"నూరేళ్ళు బతుకు తల్లీ," అంది మనస్ఫూర్తిగా.

ఆ దీవెన విని బెలిసారియో గోడ పట్టుకున్నాడు.