పడమటి గది

పన్నెండంతస్తుల ఆ కాంక్రీటు భవనానికి పడుచు వయసులో సెంట్రింగ్ చెక్కలు కొట్టిన మేస్త్రి, ముసలితనంలో అందులోనే ఎనిమిదో అంతస్తులో కాపురం ఉంటున్నాడు. కిందటి ఎండాకాలం ఆయన భార్య పడమటి గదిలో వడదెబ్బకు పోయింది. పొద్దు వాలినా ఆ గోడ పెనంలా కాలుతూనే ఉండేది.

ఈ ఏడు భవనాన్ని కూల్చకుండా బాగుచేయవచ్చేమో చూడడానికి ఒక ఆర్కిటెక్టు వచ్చింది. చిన్నపిల్ల. ఇల్లిల్లూ తిరిగి గోడల వేడి కొలుస్తోంది. మేస్త్రి ఇంటి పడమటి గదిలో మీటరు చూసి నోరు తెరిచింది.

"ఈ గదిలో ఎవరు పడుకుంటారు తాతయ్యా?"

"ఇప్పుడెవరూ లేరమ్మా."

ఆమె పాత డ్రాయింగు విప్పింది. "ఇందులో ప్రతి కిటికీ మీదా సన్‌షేడ్ ఉంది. తీరా ఎందుకు కట్టలేదో ఎక్కడా రాయలేదు."

మేస్త్రి మంచమ్మీద కూలబడ్డాడు. "పెద్దింజనీరు కింద నిలబడి చూసి, గోడ సబ్బుబిళ్ళలా నున్నగా ఉంటేనే అందమన్నాడు. సన్‌షేడ్లు పోయడానికి కొట్టిన చెక్కలన్నీ నేనే ఊడబీకాను తల్లీ. పని తగ్గిందని సంబరపడ్డాను కూడా."

"వాళ్ళు చెప్పింది మీరు చేశారు. మీ తప్పేముంది?"

"మా ఆవిడా అదే అనేది. ఎండ ముదిరితే మాత్రం, అంతా మీ చేతి చలవే అని దెప్పేది." నవ్వబోయాడు.

ఆ నెలాఖరున ఇళ్ళవాళ్ళందరి మీటింగులో సగంమంది కూల్చేసి అద్దాల మేడ కట్టమన్నారు. ఏనాడూ నోరు మెదపని మేస్త్రి లేచాడు.

"కూలిస్తే ఇంకొకడొచ్చి కింద నిలబడి అందం చూస్తాడు. ఎండలో ఉడికేది మనమే. ఉన్నదానికే నీడ పెట్టించుకుందాం."

ఆ మాటకు ఒక్కొక్క చెయ్యీ లేచింది.

కిటికీలకు నీడపలకలు వచ్చాయి. పడమటి గోడలకు బయట మందంగా మరో పొర వేశారు. గాలి ఇటునుంచి అటు పోయేలా వసారాలు తెరిచారు. మళ్ళీ ఎండలు ముదిరాక ఆ అమ్మాయి మీటరుతో వచ్చింది.

"తొమ్మిది డిగ్రీలు తగ్గింది తాతయ్యా! ఇక హాయిగా లోపల పడుకోండి."

రెండేళ్ళ ముందే ఎందుకు రాలేదని అడగాలనిపించింది. ఆ పిల్ల ముఖంలో సంతోషం చూసి ఆ మాట మింగేశాడు.

"రాసుకో తల్లీ. తొమ్మిదని స్పష్టంగా రాసుకో."

ఆమె వెళ్ళాక అరచెయ్యి గోడకు ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత గది తలుపు దగ్గరగా వేసి, వసారాలోకి వెళ్ళి చాప పరుచుకున్నాడు.