ఎడమ కొక్కెం

రిటైరైపోయినా ఆయన్ని అందరూ డ్రాయింగు మాస్టారనే పిలుస్తారు. ఇళ్ళలో మీటరు పక్కన వరసగా ఉంటాయి చూడండి, కరెంటు ఎక్కువైతే టప్పున పడిపోయే చిన్న బ్రేకర్లు, వాటి డ్రాయింగులు గీయడంలోనే ఆయన జుట్టు నెరిసింది. ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో, అదే డిజైను గదిలో ఆయన కోడలు పనిచేస్తోంది. మామగారు గీసినవన్నీ చెరిపి మళ్ళీ గీయడమే ఆ అమ్మాయి ఉద్యోగం. ఇంట్లో చిచ్చు రేగడానికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి? అయినా రేగలేదు. మాస్టారికి కోడలంటే ప్రాణం. చిక్కంతా ఒక్క కొక్కెం దగ్గరే వచ్చిపడింది.

ఒక సాయంత్రం ఆ అమ్మాయి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా, బ్యాగులోంచి మూతలేని బ్రేకరొకటి తీసి బల్లమీద పెట్టింది.

"మావయ్యగారూ, మీకు పుణ్యముంటుంది, ఈ కొక్కెం ఇలా ఎందుకు పెట్టారో చెప్పండి."

సంగతేంటంటే, ఇకమీద బ్రేకర్లని మనుషులు కాదు, మెషీన్లు కూర్చబోతున్నాయి. మెషీను చెయ్యి పైనుంచి నిటారుగా దిగుతుంది, పట్టుకున్న ముక్కని వదిలేసి పైకి పోతుంది. ఒక వేలితో అదిమిపట్టి, ఇంకో వేలితో వాల్చి దూర్చడం దానికి తెలీదు. అందుకని కోడలు ఒక్కో ముక్కనీ పైనుంచి వేస్తే చాలు, దాని చోట్లో అది కూర్చునేలా మారుస్తూ వచ్చింది. కుదిరినవాటిని ఎటు తిరిగి పడ్డా సరిపోయేలా రెండు వైపులా ఒకేలా చేసింది. అన్నీ మాట విన్నాయి. మీట జారకుండా పట్టి ఉంచే ఈ కొక్కెం మాత్రం మొండికేసింది. కుడిచేత్తో స్ప్రింగుని అదిమిపట్టి, ఎడమచేత్తో కొక్కేన్ని వాల్చి, పక్కనుంచి దాని కిందకి తొయ్యాలి. అంతకంటే తిన్నగా ఉండే కొత్త కొక్కెం కోడలు గీసేసింది కూడా.

"మరింకేం, పాతది తీసి అవతల పారెయ్యక నన్నడుగుతావేంటమ్మా?" అన్నారు మాస్టారు.

"మా డిజైను చీఫ్ ఒప్పుకోవట్లేదు. వెనకెప్పుడో ఎవరో పనికిరాదని బ్రేకరు లోపల ఒక చిన్న గట్టు తీసేస్తే, బ్రేకర్లు పడటమే మానేశాయట కదా. అప్పట్నుంచి ఆయనది ఒకటే మాట. ఎందుకు పెట్టారో తెలీనిదాన్ని ముట్టుకోకు అని. గీసినాయన మీ ఇంట్లోనే ఉన్నారుగా, వెళ్ళి అడుగు అన్నారు."

మాస్టారు ఇరుక్కుపోయారు. ఎందుకు పెట్టారో ఆయనకి బ్రహ్మాండంగా తెలుసు. ఆ కారణం అప్పుడు వంటింట్లో నిలబడి, ఎడమచేత్తో టీ వడకడుతోంది.

పెళ్ళైన కొత్తలో మాస్టారి భార్యా అదే ఫ్యాక్టరీలో బ్రేకర్లు కూర్చేది. ఎడమచేతివాటం మనిషి. మొదటి డ్రాయింగులో కొక్కెం కుడిచేత్తో తోసేలా ఉండేది. ఆవిడ చేతులు ఒకదానికొకటి అడ్డం పడేవి, సూపర్‌వైజరు అందరి ముందూ కసిరేవాడు, ఆవిడ ఇంటికొచ్చి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చేది. కొత్త మొగుడు చూడలేకపోయాడు. ఇంకేదో మారుస్తున్న వంకతో కొక్కేన్ని అద్దంలో చూసినట్టు ఇటుదటు తిప్పి గీసేశాడు. బ్రేకరుకి ఎటున్నా ఒకటే. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కొద్దిరోజుల్లోనే బ్రేకర్లు కూర్చేవాళ్ళ వరసలో ఆవిడ అందరినీ దాటేసింది. "మెరుపు" అని పేరు పడిపోయింది. మిగతావాళ్ళంతా కొక్కేన్ని తిట్టుకుంటుంటే ఆవిడ నవ్వేది. ఇప్పటికీ ఇంటికెవరైనా వస్తే రెండు చేతులూ చాపి, "ఇవి మామూలు చేతులనుకున్నారా?" అంటుంది.

ఆ గొప్ప నీ చేతులది కాదే, నేను తిప్పిన గీతది అని ఏ మొహం పెట్టుకుని చెప్పడం? చెబితే ఆవిడకి ఏం మిగులుతుంది? మాస్టారి భయమంతా అదే.

"నిప్పురవ్వ కోసమమ్మా," అన్నారు గొంతు సవరించుకుని. "కరెంటు తెగినప్పుడు లోపల రవ్వ లేస్తుంది కదా, అది అటు పోకుండా..."

అబద్ధమాడటానికి కూడా కాస్త అలవాటుండాలి లెండి. మాస్టారు నీళ్ళు నమిలారు, చూపు గోడమీదికి పోయింది. అయినా కోడలు నమ్మేసింది. ఆయన మాటంటే ఆ అమ్మాయికి అంత గురి.

ఇక టెస్టింగు గదిలోనే కాపురం పెట్టింది. పాత కొక్కెం పెట్టి, కొత్త కొక్కెం పెట్టి, బ్రేకర్ల మీద బ్రేకర్లు కాల్చడం, మూత విప్పి మసి ఎటు పట్టిందో చూడటం. ఇంటికొచ్చినా ధ్యాస అక్కడే. అన్నం ముందు కూర్చుని కంచంలో గీతలు గీసేది. మాస్టారు పేపరు చాటున మొహం దాచుకునేవారు. ఆయన చదివిందేమీ లేదు, పేపరు తిరగేసి పట్టుకున్నా తెలిసేది కాదు.

చివరికి ఒక ఆదివారం ఆయన బాల్కనీలో మొక్కలకి నీళ్ళు పోస్తుంటే కోడలు వచ్చి, మాడిన బ్రేకరు డొప్పలు రెండు గట్టుమీద పెట్టింది.

"రెండింట్లోనూ మసి ఒకేలా ఉంది మావయ్యగారూ. ఎన్ని కాల్చినా అంతే. మీకు కనపడింది నాకు కనపడట్లేదు. నాకీ పని చేతకాదేమో. ఇంకెవరికైనా అప్పగించమని రేపు చీఫ్‌తో చెప్పేస్తాను."

మాస్టారి ప్రాణం చివుక్కుమంది. చేతిలో చెంబు కింద పెట్టేశారు.

"నీకు చేతకాకపోవడమేంటమ్మా! అక్కడ కనపడటానికి ఏమీ లేదు," అని జరిగిందంతా చెప్పేశారు.

కోడలు మొహం ఎర్రబడింది. "అన్ని బ్రేకర్లు నాచేత ఊరికే తగలబెట్టించారా? నాకు నిద్ర కూడా పట్టట్లేదు, తెలుసా మీకు?" అంది. మామగారితో ఆ అమ్మాయి ఎప్పుడూ అలా మాట్లాడి ఎరగదు. మాస్టారు తల దించుకుని పడ్డారు. చివరికి కోడలే గొంతు తగ్గించి, "రేపు చీఫ్‌కి ఉన్నదున్నట్టు చెప్పాలి. బ్రేకరు విషయంలో నేను బొంకలేను. మధ్యాహ్నానికల్లా ఫ్యాక్టరీ అంతా పాకిపోతుంది. అత్తయ్యకి ఎవరో ఫోన్‌ చేసి చెప్పేకంటే, మీ నోటితో మీరు చెబితే మర్యాదగా ఉంటుంది," అంది.

లోపల గదిలో ఆవిడ మంచంమీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మాస్టారు పక్కన కూర్చుని, ఒక తువ్వాలు అందుకుని, దాన్ని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టి, ఎలాగో మొదలుపెట్టి చివరిదాకా చెప్పారు.

"అంటే... నా కోసం తిప్పారా?"

"ఊఁ."

"ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నారా?"

"నువ్వు మనసు కష్టపెట్టుకుంటావని..."

"కష్టమా! అయ్యో పిచ్చి మనిషీ!" ఆవిడ పకపకా నవ్వింది. "అందరి మొగుళ్ళూ పువ్వులు పట్టుకొచ్చేవాళ్ళు. మీరు ఏకంగా ఫ్యాక్టరీనే ఎడమవైపుకి తిప్పేశారన్నమాట! అయినా మిగతా ముక్కలన్నీ కుడిచేతివాటానివేగా. అవి పెట్టింది నా చేతులే. వాటినెవరూ తిప్పలేదు."

మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు. ఇంతోటిదానికా ఇన్నాళ్ళు గుండెలమీద కుంపటి పెట్టుకున్నాను అని తనని తనే తిట్టుకున్నారు.

ఆవిడ ఇంకో చొక్కా అందుకుంది. ఒక చెయ్యి మడిచింది. రెండోది మడవకుండా ఆగిపోయింది.

"ఏమండీ, మరి మిగతావాళ్ళు?"

"మిగతావాళ్ళేంటి?"

"వాళ్ళంతా కుడిచేతివాళ్ళేగా."

 మాస్టారు ఎంత తెలివైన మనిషి, అయినా ఆ సంగతి ఒక్కనాడు కూడా ఆయనకి తట్టలేదు.

"నా పక్క సీటు ఎవరిదో గుర్తుందా?"

గుర్తుంది. ఆవిడ సొంత చెల్లెలిది. ఇద్దరూ కలిసే చేరారు. చెల్లెలు వరస వేగం అందుకోలేక మాటలు పడింది. ఆమెని ప్యాకింగుకి పంపించేశారు. తర్వాత అదీ మానేసి ఇంట్లో కూర్చుంది. మళ్ళీ ఏ పనికీ వెళ్ళలేదు.

"మొదట్లో అది నాకంటే బాగా చేసేదండీ. ఆ కొక్కెం మారాకే వెనకపడింది. వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని వచ్చేది. నేను నవ్వేదాన్ని. అందరి ముందూ 'నత్తా, నత్తా' అని పిలిచేదాన్ని. సొంత అక్కనే." ఆవిడ ఏడుపు ఆపుకోలేదు. ఆపుకోవాలని కూడా అనుకోలేదు. "ఇప్పటికీ ఏ పని చెప్పినా, నేను నెమ్మది కదక్కా, నా వల్ల కాదులే అంటుంది."

"నువ్వు ఏడవకుండా ఉంటే చాలనుకున్నానే. ఇంకేమీ ఆలోచించలేదు."

"తెలుసు. అందుకే మిమ్మల్ని ఒక్క మాట అనలేకపోతున్నాను."

మొహం తుడుచుకుని, మాస్టారి ఫోన్‌ తీసి, చెల్లెలి నంబరు నొక్కి ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వే చెప్పరాదూ?" అన్నారు మాస్టారు బెదిరిపోతూ.

"గీసింది మీరు. మీరే చెప్పండి."

అవతల చాలాసేపు మోగాక మరదలి గొంతు వినపడింది. "బావగారా! పాపం, ఎంతసేపట్నుంచి మోగుతోందో. మీకు తెలిసిందేగా, నాకు ప్రతిదీ ఆలస్యమే," అని నవ్వింది.

మాస్టారు ఫోన్‌ని రెండు చేతులతోనూ పట్టుకున్నారు.

"ఆ సంగతి చెబుదామనే చేశానమ్మా. నువ్వు నెమ్మది కాదు. ఎప్పుడూ కాదు. నీ చేతులకి అడ్డంగా గీసింది నేను."

నవ్వు ఆగిపోయింది. ఆయన కొక్కెం గురించి, తిప్పిన గీత గురించి, మొదట్నుంచీ చివరిదాకా చెప్పారు.  అవతల్నుంచి చిన్నపిల్ల అడిగినట్టు వినపడింది.

"నిజంగానా బావగారూ?"