రంగనాథం గడప

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే రంగనాథం ఇంట్లో శుక్రవారం తెల్లవారితే మొదటి పని గడపకు పసుపు పూయడం. అది అతని భార్య శాంతకుమారి పని. వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాకే పొయ్యి వెలిగించేది. బెత్తెడు ఎత్తయినా లేని రాతి గడప అది.

డెబ్బై నాలుగులో రంగనాథం చెల్లెలు వెంకటలక్ష్మి ఎమ్మిగనూరులో మగ్గం నేసే హనుమన్నను పెళ్లి చేసుకుంది. కులం వేరు. తల్లి ఆశీర్వాదం తీసుకుందామని మొగుడితో కలిసి పుట్టింటికి వస్తే రంగనాథం వాకిట్లోనే ఆపేశాడు. "ఇంక నువ్వు ఈ గడప తొక్కగూడదు," అన్నాడు వీధంతా వినేట్టు.

మర్నాడు చూస్తే గడప రెండు వేళ్లు పెరిగి ఉంది. శాంతకుమారి ఆ మేరకు పసుపు ఎక్కువ కలిపింది.

బజారులో ఎవరు చెల్లెలి సంగతి ఎత్తినా రంగనాథం అదే మాట అనేవాడు. అన్నప్పుడల్లా గడప లేచేది. మొదట్లో కాలు ఎత్తి దాటారు. తర్వాత అటొక పీట, ఇటొక పీట వేసుకున్నారు. నడుము దాటాక మేస్త్రీ ఆదెప్పను పిలిపించి రెండు వైపులా మెట్లు కట్టించుకున్నారు. మాట మీద నిలబడే మనిషని బజారులో రంగనాథానికి గౌరవం కూడా పెరిగింది.

తల్లి కమలమ్మకు మోకాళ్ల నొప్పులు. మెట్లెక్కలేక ఆమె వీధి ముఖం చూడడమే మానేసింది. రంగనాథం కోడుమూరుకో దేవనకొండకో పోయాడని తెలిస్తే వెంకటలక్ష్మి బస్సెక్కి వచ్చేది. ఆమె మెట్టు మీద కాలు పెడితే గడప ఇంకాస్త లేచేది. అందుకని వీధిలోనే నిలబడేది. మొదట్లో తల్లీకూతుళ్లు గడప మీదుగా చేతులు పట్టుకునేవాళ్లు. కొన్నాళ్లకు వేళ్ల కొసలే తగిలేవి. ఆ తర్వాత మాటలే మిగిలాయి. తనకు కూతురు పుట్టిందని వెంకటలక్ష్మి చెప్పిన రోజు, పిల్లను ఒకసారి ఏడిపించమని అడిగింది కమలమ్మ. గొంతయినా విందామని.

ఎనభైలో, ఎండాకాలం, కమలమ్మ మంచం పట్టింది. కూతురి పేరు తప్ప ఆమె నోట మరో మాట లేదు. కబురందుకుని వెంకటలక్ష్మి వచ్చి ఎండలో నిలబడింది.

ఎన్నడూ ఎదురు చెప్పని శాంతకుమారి ఆ రోజు మొగుడి దగ్గరికి పోయింది. "రమ్మని ఒక్క మాట అనండి. గడప దానంతట అదే దిగుతుంది," అంది.

రంగనాథం చాలాసేపు తల్లి వైపు చూశాడు. పెదాలు కదిలాయి. అంతలో బయటి మెట్లెక్కి లోపలికి తొంగిచూస్తున్న ఇద్దరు వ్యాపారులు కనిపించారు. వాళ్లను చూసి గొంతు సవరించుకున్నాడు.

"అన్న మాట ఎట్ల వెనక్కి తీసుకునేది? అది ఈ గడప తొక్కగూడదు."

రాయి కదిలిన చప్పుడు లోపలా బయటా వినిపించింది. గడపకు, వాకిలి పైనున్న పైకమ్మికి మధ్య చెయ్యి పట్టేంత సందు మిగిలింది. కమలమ్మ ఆ రాత్రే పోయింది.

పొద్దున్నే ఆదెప్ప వచ్చి, వేరే వాకిలి లేని ఆ ఇంటి వెనక గోడకు కన్నం కొట్టాడు. అందులోంచి కమలమ్మను చాపలో చుట్టి బయటికి లాగారు. తలకొరివి పెట్టాల్సిన కొడుకును రమ్మని పిలిచారు. దొంగ మాదిరి కన్నంలో దూరి రానన్నాడు రంగనాథం. పెద్దలు మధ్యాహ్నం దాకా చూసి, నిప్పుకుండ వెంకటలక్ష్మి చేతికిచ్చారు. శాంతకుమారి కన్నంలోంచి వంగి బయటికొచ్చి ఆడబిడ్డ వెనక నడిచింది. శ్మశానం నుంచి ఆమె ఇంటికి తిరిగి పోలేదు. వెంకటలక్ష్మితో ఎమ్మిగనూరు బస్సెక్కింది.

కంచం పట్టేంత సందు వదిలి, రంగనాథం ఆ కన్నం పూడ్పించుకున్నాడు. పక్కింటి మద్దమ్మ అందులోంచి ఇంత అన్నం లోపలికి తోసేది. ఎవరూ అడగకపోయినా లోపల అతను ఆ మాట అంటూనే ఉన్నాడేమో, కొన్నాళ్లకు గడప పైకమ్మిని తాకింది.

మరుసటేడు జనాభా లెక్కలకు ఒక బడి అయ్యవారు వచ్చాడు. ఆ వీధిలో గడపలు రాసుకుంటూ ఇక్కడికొచ్చి ఆగాడు. వాకిలి ఉండాల్సిన చోట నిలువెత్తు రాయి. లోపలి నుంచి ఎవరో తన పేరు, తండ్రి పేరు గట్టిగా చెబుతున్నట్టుంది గానీ మాట తేలలేదు.

ఇది కూడా ఒక గడప కిందికి వస్తుందా అని మద్దమ్మను అడిగాడు.

"గడపే ఉందప్పా," అంది మద్దమ్మ. "ఇల్లు లేదు."

అయ్యవారు పక్కింటికి నడిచాడు.