మద్దిలేటి ఏరిన పూలు

మద్దిలేటి మూడో డబ్బా మూత తీసి, చిటికెడు ఎండు పూలు అరచేతిలో పోసుకుని నలిపాడు. కాగితంలా పలచగా ఉన్న ఆకుపచ్చ రెక్కలు పొడిపొడి అయ్యాయి. కళ్ళు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

హాప్స్ అంటారు వాటిని. బీరుకు చేదూ, వాసనా ఇచ్చే పూలు. అతని యజమాని హాల్డెన్ సారు టీ డబ్బాల్లో దాచి ఇంగ్లండు నుంచి తెచ్చుకుంటాడు. ఈ దేశంలో మద్యం నేరం. అయినా మిష్రిఫ్‌లోని ఈ ఇంట్లో పదకొండేళ్ళుగా మూణ్ణెల్లకోసారి ఒక జాడీ బీరు తయారవుతూనే ఉంది.

మద్దిలేటి మాత్రం ఒక్క చుక్క నోట పెట్టి ఎరగడు. అతని నాయన సారాయికే పోయాడు. కానీ పూలు ఏరేది అతనే. ఆరేళ్ళ కిందట ఏదో జ్వరం వచ్చి సారుకు వాసన తెలియకుండా పోయింది. మద్దిలేటిది రాయచోటిలో ధనియాలూ మిరపకాయలూ అమ్మే అంగట్లో పెరిగిన ముక్కు.

ఇరాక్ సైన్యం ఈ దేశాన్ని ఆక్రమించి ఏడు వారాలు. తెల్లవాళ్ళను ఇళ్ళల్లోంచి పట్టుకుపోతున్నారు. అందుకే కిటికీలకు దుప్పట్లు కట్టి సారును వెనక గదిలో దాచాడు. ఎవరైనా అడిగితే, దొర లండన్ పోయాడు, తాను ఇంటికి కాపలా అని చెబుతున్నాడు. తెల్లవారుజామున రొట్టె కోసం వరసలో నిలబడేదీ అతనే.

డబ్బాలు పళ్ళెంలో పెట్టుకుని లోపలికి వెళ్ళాడు. సారు పడక కుర్చీలో, ఎడమ చెయ్యి ఛాతీ మీద ఆనించుకుని ఉన్నాడు. గుండె మాత్రలు అయిపోయి తొమ్మిది రోజులు. హవల్లీలో మందుల షాపులన్నీ తిరిగినా దొరకలేదు. వయసులో కోలారు గనుల్లో పనిచేసినప్పుడు నేర్చుకున్న తెలుగు సారుకు ఇంకా మిగిలే ఉంది.

"చెప్పు మద్దిలేటీ. మొదటిది?"

"కమలాపండు తొక్క మాదిరుంది సారూ. గుప్పుమంటాది."

"రెండు?"

"మిరియాలు, తడిసిన బెరడు. రోంత ఘాటు."

"మూడు?"

మద్దిలేటి ఇంకోసారి వాసన చూశాడు. "పొద్దున కోసిన పచ్చిగడ్డి. కడాన ఏదో పువ్వు, అట్లా వచ్చి అట్లా పోతాది. నెమ్మదైంది సారూ."

సారు నవ్వాడు. "ఈసారి సాదా బీరు. బ్లాండ్ అంటారు, లేత రంగుది. బార్లీ గింజ రుచి తెలియాలి. పువ్వు దాని మీద ఎక్కకూడదు."

"అట్లయితే మూడోదే. మొదట్లో రోంత చేదుకు, దించే ముందు గుప్పెడు వాసనకు."

"సరే. నీ బస్సు ఎప్పుడు?"

మద్దిలేటి డబ్బాల మూతలు బిగిస్తూ, "సీటు దొరకలేదు సారూ," అన్నాడు.

అబద్ధం. పక్కింటి డ్రైవరు హుస్సేన్ వలి, తనూ రాయచోటివాడే, పొద్దున్నే గోడ మీద నుంచి చెప్పిపోయాడు.

"అన్నా, సాయంత్రం అయిదుకు బస్సు. బాగ్దాద్ మీంద జోర్డాన్‌కు, ఆడ్నుంచి ఇమానంలో ఊరికి. నీకూ సీటు చెప్పినా. ఊర్లో రెడ్డెమ్మ వదినె ఎట్లుంటాదో తలుచుకో."

"తలుచుకోకుండా ఉంటానా? ఆయప్పను ఇడిసి యాడికొచ్చేది?"

మొలకెత్తించిన బార్లీతో తీసిన మాల్టు పాకం పెద్ద గిన్నెలో కాగడం మొదలయ్యాక గేటు దబదబలాడింది. నడివయసు సైనికుడు, రేగిన గడ్డం, భుజాన తుపాకీ. లోపల ఏం ఉడుకుతోందని అరబ్బీలో అడిగాడు.

"షయీర్," అన్నాడు మద్దిలేటి. అంటే బార్లీ. కడుపు మీద చెయ్యి పెట్టి, నొప్పికి మందన్నట్టు ముఖం పెట్టాడు. ఇంకా పులియలేదు కనక అది బీరు కాదు. ఒక గ్లాసు తెచ్చి ఇచ్చాడు కూడా. సైనికుడు ఊదుకుంటూ రెండు గుటకలు తాగి, ముఖం చిట్లించి, గ్లాసు చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

గుప్పెడు పూలు వేసి దించేసరికి మూడు దాటింది. గిన్నెను నీళ్ళ తొట్టిలో చల్లార్చి, ఆ సంగతి చెబుదామని వెనక గదికి వెళ్ళాడు.

"సారూ, బాగా దిగింది. పువ్వు గింజ మీదికి ఎక్కల్యా."

సారు తల ఒక పక్కకు వాలి ఉంది. మద్దిలేటి మోకాళ్ళ మీద కూర్చుని ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అప్పటికే చల్లబడింది. చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

ఆఖరిసారి అడిగిపోదామని హుస్సేన్ వలి సంచి భుజాన వేసుకుని వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నువ్వు పో అబ్బాయా. బస్సు తప్పిపోతాది."

"పోనీలే అన్నా. పార యాడుంది?"

చీకటి పడేలోగా ఇద్దరూ కలిసి ఇంటి వెనక మెత్తని నేలలో ఆయన్ను పడుకోబెట్టారు. హుస్సేన్ వలి తనకు తెలిసిన ప్రార్థన చేశాడు. మద్దిలేటి గుప్పెడు మన్ను వేసి, దాన్ని అరచేత్తో మెల్లగా చదును చేశాడు.

తర్వాత వంటింట్లోకి వచ్చి చేతులు కడుక్కున్నాడు. చల్లారిన పాకం గాజు జాడీలో వడగట్టి, పులియడానికి ఈస్టు చల్లి, మూత వదులుగా పెట్టాడు. సారు పని సగంలో ఆగడం అతనికి మనసొప్పలేదు.

నాలుగో రోజు వాళ్ళిద్దరికీ ఇంకో బస్సు దొరికింది. సంచి సర్దుకున్నాక మద్దిలేటి వంటింట్లోకి వెళ్ళి తెల్లటి ప్లాస్టరు ముక్క కత్తిరించి, పెన్ను తీసుకుని, ఒక్కొక్క అక్షరం దిద్దినట్టుగా రాశాడు. తాళంచెవి పక్కింట్లో ఇచ్చి బస్సెక్కాడు.

ఆ ప్లాస్టరు ముక్క జాడీ మెడకు అంటుకుని ఉంది. దాని మీద వంకర అక్షరాల్లో, "సారుది. పదైదు దినాలు కదపొద్దు."