రాహుకాలంలో చూసిన బండి

కెనడాలోని విన్నిపెగ్‌లో దిగిన తెలుగు పిల్లల్లో అమరేశ్వరరావు గారింటి కాఫీ తాగనివాళ్ళు అరుదు. ఎయిర్‌పోర్టుకి ఎదురొచ్చేది ఆయనే, బేస్‌మెంట్‌లో గది చూపించేది ఆయనే, చలికోటు ఏ షాపులో చవకో చెప్పేదీ ఆయనే. ఆ ఊరొచ్చి పాతికేళ్ళయింది. ఉద్యోగం ఏదో గోడౌన్‌లో. మన పిల్లలు విమానాలకి విమానాలు దిగడం మొదలయ్యాక పాత కార్ల బేరం కూడా పెట్టుకున్నారు. వేలంలో ఒకటి పాడుకొచ్చి, కడిగి తుడిచి ఇంటి ముందు నిలబెట్టి, మన పిల్లలకే అమ్మేవారు. "మనవాళ్ళకి మనం కాకపోతే ఎవరు చేస్తారమ్మా" అనేది ఆయన ఊతపదం.

ఆ బేరానికి ఒక పద్ధతుండేది. బండి చూడడానికి ఎప్పుడు రావాలో ఆయన భార్య బాలత్రిపురసుందరి గారు పంచాంగం చూసి చెప్పేవారు. శనివారం పదీ నలభై, ఆదివారం పదకొండుంబావు, అలాగ. పరాయి దేశం, బతుకులో మొదటి బండి, కన్నవాళ్ళు పక్కన లేరు. అటువంటప్పుడు తల్లిలాగా ముహూర్తం పెట్టే ఇల్లాలు దొరికితే ఎవరు కాదంటారు? పిల్లలు ఆ మాట కళ్ళకద్దుకుని వెళ్ళేవారు.

మృదుల కూడా నవంబరు నెలలో ఒక శనివారం అలాగే వెళ్ళింది. జగిత్యాల పిల్ల. చదువు ముగించుకుని, వర్క్ పర్మిట్ తెచ్చుకుని, ముసలివాళ్ళని చూసుకునే హోమ్‌లో ఉద్యోగం సంపాదించుకుంది. పొద్దున ఆరున్నరకి డ్యూటీ. హోమేమో ఊరికి ఆ చివర. మొదటి బస్సు పట్టుకుని, రెండు చోట్ల మారి వెళ్ళినా చేరేసరికి ఏడుంబావు. మేనేజరు తెగేసి చెప్పింది, బండి ఉంటేనే పొద్దుటి షిఫ్టు, గురువారం నుంచి రావాలి అని. ఆ షిఫ్టు దొరికితే ఫుల్ టైమ్, ఫుల్ టైమ్ ఏడాది నిలబడితే పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి, దారి. కాఫీ షాపులో ఏడాదిన్నర నిలువుకాళ్ళ మీద సంపాదించి దాచుకున్నది ఒక పాత బండికి సరిపోతుంది. ఒక్కదానికే. అది మొండికేస్తే రెండోది కొనే శక్తి లేదు.

తోడు కోదండరామ్ వచ్చాడు. ఆమె క్లాస్‌మేటు, ఒంగోలు అబ్బాయి. మొన్న వేసవిలో అతనూ ఆయన దగ్గరే బండి కొన్నాడు.

ముందురోజు మంచు కురిసింది. ఆ వీధిలో ప్రతి కారు మీదా బెత్తెడు మంచు దుప్పటి కప్పినట్టుంది. అమరేశ్వరరావు గారింటి ముందు అమ్మకానికి నిలబెట్టిన వెండిరంగు కారు మీద మాత్రం చుక్క లేదు.

"చూశావా, అంకుల్ ఎంత నీట్‌గా పెట్టాడో" అన్నాడు కోదండరామ్.

మృదుల చేతి గ్లవ్ తీసి బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. పొయ్యి మీద నుంచి దించి కాసేపైన పెనంలా వెచ్చగా ఉంది. అమరేశ్వరరావు గారిచ్చిన తాళం తీసుకుని ఎక్కింది, ఆయన పక్క సీట్లో, కోదండరామ్ వెనక కూర్చున్నారు. నడిపితే వెన్నలో వేలు పెట్టినట్టు పోతోంది. నాలుగు వీధులు తిరిగారు. ఒక స్టాప్ సైన్ దగ్గర ఆగి కదిలేటప్పుడు మాత్రం ఇంజన్ గుర్రుమంది, బండి ఒక్క క్షణం ఆలోచించుకుని గాని కదల్లేదు.

"ఇదేంది అంకుల్?"

"ఐస్ మీద టైరు జారిందమ్మా. కొత్త కదా నీకు."

"ఒకసారి మెకానిక్‌కి చూపిస్త అంకుల్."

అమరేశ్వరరావు గారి ముఖం, ఎండలో ఉన్న వరండా మీద మబ్బు పడ్డట్టు, నల్లబడింది. "ఎంతమంది పిల్లలకి ఇచ్చానమ్మా బళ్ళు. ఒక్కరు మెకానిక్ అన్నారా? నీ కోదండరామ్ అన్నాడా? ఈ ఊళ్ళో నన్ను అనుమానించిన మొదటి మనిషివి నువ్వే తల్లీ."

కోదండరామ్ వెనక నుంచి ఆమె కోటు లాగాడు. ఇంట్లోకి వెళ్ళేసరికి బాలత్రిపురసుందరి గారు రవ్వకేసరి పెట్టారు. పన్నెండు దాటితే వర్జ్యం, ఈలోపు అడ్వాన్సు ఇచ్చెయ్యమ్మా అని ప్రేమగానే అన్నారు. ఆవిడ ప్రేమలో దాపరికమేమీ లేదు.

మృదుల కేసరి తిన్నది, గిన్నె కడిగి పెట్టింది. "సోమవారం వచ్చి ఇంకోసారి చూస్త ఆంటీ. పొద్దున ఏడున్నరకి" అంది.

"అయ్యో, సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం కదే తల్లీ. పదకొండుకి రా, దివ్యంగా ఉంది."

"లేదాంటీ. ఏడున్నరకే వస్త."

"రాహుకాలంలో నా బండి తాళం ఎవరి చేతికీ ఇవ్వనమ్మా" అన్నారు అమరేశ్వరరావు గారు. "ఇన్నేళ్ళలో ఇవ్వలేదు. మా ఇంటి ఆచారం." ఆ మాట ఆయన మామూలుకంటే కాస్త తొందరగా అన్నారు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు.

తిరిగి వస్తుంటే కారులో కోదండరామ్ దులిపేశాడు. "నీకు పిచ్చా మృదులా? ఆయన తలుచుకుంటే నాలుగు చోట్ల ఉద్యోగం ఇప్పిస్తాడు, తలుచుకోకపోతే గది కూడా దొరకదు. గురువారానికి బండి లేకపోతే ఏం చేస్తావ్?"

"బండి ఉండి నడవకపోతే ఏం చేస్త?"

"చలికి ఇక్కడ బళ్ళన్నీ కాస్త మొరాయిస్తాయ్. నాదీ అంతే. ఇరవై నిమిషాలు వేడి చేస్తే సెట్ అవుద్ది."

మృదులకి వాళ్ళమ్మ గిర్ని గుర్తొచ్చింది. జగిత్యాలలో వాళ్ళకి పిండి గిర్ని ఉండేది. ముసురు పట్టిన రోజుల్లో పొద్దున్నే గిర్ని మొదలుపెడితే మోటారు గుయ్యిమని తిరిగేది, రాయి మాత్రం ఉలకదు పలకదు. రెంటినీ కలిపే పట్టా మధ్యలో జారిపోయేది. జొన్నలు తలకెత్తుకొచ్చిన మనిషి గడపలో నిలబడి తిట్టేవాడు. అరగంటకి పట్టా వేడెక్కి పట్టు దొరికాక రాయి బుద్ధిగా తిరిగేది. మధ్యాహ్నం వచ్చిన మనిషికి చెబితే నమ్మడు, ఇంత బాగా ఆడుతున్న గిర్నికి రోగమేంది అంటాడు. "మిషన్ సంగతి పొద్దుగాల మొదట వచ్చినోనికే ఎరుక" అనేది వాళ్ళమ్మ. కారైనా అంతే కదా. ఇంజన్ బలాన్ని చక్రాలకి అందించేది ఆ గేర్‌బాక్సే. దానికి పట్టు తప్పితే ఇంజన్ ఎంత అరిచినా బండి కదలదు. పదీ నలభైకి, పదకొండుంబావుకి వెళ్ళే పిల్లలందరూ మధ్యాహ్నం గిర్నికి వెళ్ళినవాళ్ళే.

సోమవారం చలి మైనస్ పద్దెనిమిది డిగ్రీలు. మృదుల మొదటి బస్సు దిగి, ఏడుకి పది నిమిషాలుండగా అమరేశ్వరరావు గారి మెట్ల మీద కూర్చుంది. రెండు జతల మేజోళ్ళు, ముక్కు దాకా మఫ్లర్. వెండిరంగు కారు మీద మంచు పేరుకుని ఉంది. ఎవరూ వేడి చేయకముందు దాని ముఖమెట్లుంటుందో ఆమె మొదటిసారి చూడడం అదే.

ఏడింటికి తలుపు తెరుచుకుంది. అమరేశ్వరరావు గారు చేతిలో తాళంతో, పైజామా మీద చలికోటుతో బయటికొచ్చి, ఆమెని చూసి నిలబడిపోయారు.

"ఏంటమ్మా ఇది, ఇంత పొద్దున్నే?"

"మీరు స్టార్ట్ చేయకముందే చూద్దామని వచ్చిన అంకుల్."

"నేను స్టార్ట్ చేద్దామని రాలేదే. మంచు తుడుద్దామని వచ్చా."

"తుడవండి. ఉంట."

ఆయన బ్రష్షు తీసుకుని తుడవడం మొదలుపెట్టారు. అంత శ్రద్ధగా తుడవడం మృదుల పెళ్ళివారి ఇళ్ళలో కూడా చూడలేదు. అద్దాలు గీకారు, దీపాలు గీకారు, నంబరు ప్లేటు గీకారు. చక్రాల సందుల్లో మంచు పుల్లతో తీశారు. మధ్యమధ్య ఫోను చూసుకుంటున్నారు. ఏడున్నర కాగానే నడుము నిటారు చేసి, "అయ్యో, రాహుకాలం వచ్చేసిందమ్మా. ఇంక తొమ్మిది దాటాకే. లోపలికి రా, కాఫీ తాగుదువు" అన్నారు.

"నాకు పట్టింపు లేదంకుల్. కొనేది నేను. పడితే రాహువు నా మీద పడతడు, మీ మీద పడడు."

"పెద్దవాళ్ళ మాటకి విలువుండొద్దా?"

"ఉంది. అందుకే చలిలో కూర్చుని అడుగుతున్న."

ఈ గొడవకి బాలత్రిపురసుందరి గారు శాలువా కప్పుకుని గడపలోకొచ్చారు. ఆడపిల్ల ముక్కు ఎర్రగా కమిలిపోయి ఉండడం చూసి ఆవిడ మనసు కరిగిపోయింది. "ఇదేం చోద్యమండీ, ముప్పావుగంట నుంచి ఈ పిల్లని బయట కూర్చోబెట్టారా? బండి బాగానే ఉందిగా, ఒకసారి తిప్పి చూపించేస్తే పోలా? పాపం వస్తే నేను దణ్ణం పెట్టుకుంటాలే."

భార్య అంత మాటన్నాక ఇవ్వననడానికి ఆయనకి సాకు మిగల్లేదు. తాళం మృదుల చేతిలో పడేసి పక్కకి తిరిగారు.

ఇంజన్ రెండుసార్లు దగ్గి అందుకుంది. మృదుల బ్రేకు మీద కాలుంచి గేరు డీలో పెట్టింది, బ్రేకు వదిలి మెల్లగా యాక్సిలరేటర్ తొక్కింది. ఇంజన్ అరిచింది, బండి కదల్లేదు. ఆమె మనసులో లెక్కపెట్టుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో అంకెకి ఎవరో వెనక నుంచి గుద్దినట్టు బండి ఎగిరి ముందుకి దూకింది. ఆపి, రివర్స్ పెట్టింది. ఈసారి ఏడు లెక్కపెట్టింది. ఎదురింటి ఆయన పార పట్టుకుని మంచు తీస్తున్నవాడు ఆగి చూశాడు.

మృదుల బండి ఆపి దిగింది. "గేర్‌బాక్స్ పోయింది అంకుల్."

"పోలేదమ్మా. చలి. అన్ని బళ్ళూ అంతే."

"అయితే ఎదురింటాయన బండిని కూడా ఇప్పుడే అడిగి స్టార్ట్ చేపిద్దామా?"

ఆయన ఆ మాట విననట్టు గొంతు తగ్గించారు. "సరే, నీ మాట నా మాట వద్దు. చెప్పిన రేటులో సగానికి సగం ఇయ్యి. నష్టమే నాకు, అయినా నీకు ఉద్యోగం ఉంది కదా. గురువారం నువ్వు బండిలో వెళ్ళాలి కదా."

అక్కడ మృదుల మనసు ఊగింది, అబద్ధమెందుకు. సగానికి దొరికితే మిగతా సగం చేతిలో ఉంటుంది. ఇరవై నిమిషాలు ముందు లేచి వేడి చేసుకుంటే గురువారం ఆరున్నరకి డ్యూటీలో ఉంటుంది. శీతాకాలం గడిచిపోతే తరవాత చూసుకోవచ్చు. ఇంతలో హోమ్‌కి వెళ్ళే దారిలో ఉన్న వంతెన కళ్ళ ముందు మెదిలింది. చీకట్లో, వెనకాల లారీలు తోసుకొస్తుంటే, ఆ వంతెన మీద ఆగిన బండికి ఏడు లెక్కపెట్టడం ఊహించుకుంది.

"సగానికి తీసుకుంట" అంది. "మరి గేర్‌బాక్స్ ఖరాబుందని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తరా?"

"కాగితమెందుకు? మన మధ్య కాగితాలేంటమ్మా?"

"మెకానిక్‌కి చూపించుకునేందుకు."

"అట్లా రాసిస్తే రేపు పదిమందిలో నా పరువేం కావాలి?"

"రాయలేనిది నాకెట్ల అమ్ముతరు అంకుల్?"

అమరేశ్వరరావు గారి ఓపిక అక్కడితో అయిపోయింది. "నీ ఇష్టం. ఈ ఊళ్ళో నిన్ను ఎవరు ఆదుకుంటారో చూస్తా. గదులూ ఉద్యోగాలూ ఆకాశం నుంచి ఊడిపడవు. నోరున్నంత మాత్రాన బతకలేవు."

"నోరు లేకుండా ఏడాదిన్నర బతికిన అంకుల్. ఇప్పుడు ఇట్ల కూడా బతికి చూస్త." తాళం ఆయన చేతిలో పెట్టింది. "ఇంకొకళ్ళకి అమ్మేటప్పుడు చెప్పి అమ్మండి. మీరు చెప్పకపోతే నేను చెప్త. మీ వెనకాల కాదు, మీరున్న మన తెలుగోళ్ళ వాట్సాప్ గ్రూపులోనే."

గడపలో బాలత్రిపురసుందరి గారు అలాగే నిలబడి ఉన్నారు. భర్తని చూస్తూ, ఎవరితోనో కాదు తనతోనే అన్నట్టు అన్నారు. "పదింటికి ముందు ముహూర్తం పెట్టొద్దనేవారు మీరు. పిల్లలు నిద్ర లేవరు, పాపం అనేవారు."

ఆయన లోపలికి నడిచారు. ఆవిడ దారి ఇవ్వలేదు. ఆయన పక్కకి ఒరిగి వెళ్ళాల్సి వచ్చింది.

మృదుల బస్‌స్టాపులో నిలబడి అన్నట్టే గ్రూపులో రాసింది. ఏ బండి, ఏ రోజు, ఎన్ని లెక్కపెడితే కదిలింది, అంతే. తిట్టు ఒక్కటి కూడా లేదు. అయిదు నిమిషాల్లో ఆమెని గ్రూపు నుంచి తీసేశారు. పదో నిమిషంలో కోదండరామ్ ఫోన్ చేశాడు.

"ఎంత పని చేశావ్ మృదులా. సారీ చెప్పెయ్, అయిపోద్ది."

"నీ బండి ఇయ్యాల పొద్దున ఎన్ని లెక్కపెడితే కదిలింది?"

"మూడు" అన్నాడు కోదండరామ్ గొంతు తగ్గించి.

ఆ తరవాత ఆమె హోమ్ మేనేజరుకి ఫోన్ చేసింది. ఉన్న సంగతి దాచలేదు. బండి కొనలేదు, గురువారం ఆరున్నరకి రాలేను అంది. అయితే ఆ షిఫ్టు వేరేవాళ్ళకి ఇవ్వాల్సి వస్తుంది అంది మేనేజరు.

"ఇవ్వండి. నాకు మధ్యాహ్నం షిఫ్టు ఇవ్వండి, దానికి బస్సుంది. శని, ఆదివారాలు ఎవరూ ముందుకు రారని మీరే అన్నారు, అవి కూడా రాసుకోండి. గంటలు మాత్రం ఫుల్ టైమ్ కావాలి. బండి కొన్నాక పొద్దుటి షిఫ్టు మళ్ళీ అడుగుతా."

"నువ్వు నాతో బేరమాడుతున్నావా?"

"అవును మేడమ్."

ఫోన్‌లో కాగితాలు తిప్పుతున్న చప్పుడు కాసేపు వినబడింది. శీతాకాలమంతా ప్రతి శనివారం, ప్రతి ఆదివారం రావాలి, మధ్యలో కుదరదనడానికి వీల్లేదు అని మేనేజరు నొక్కి చెప్పింది. మృదుల ఒప్పుకుంది. అయితే రేపు పొద్దున వచ్చి కాగితాల మీద సంతకాలు పెట్టి వెళ్ళమంది ఆవిడ.

"పొద్దున కుదరదు మేడమ్" అంది మృదుల, బస్సు వస్తుంటే చెయ్యెత్తుతూ. "పొద్దున ఇంకో బండి చూడాలి. మధ్యాహ్నం వస్తా."